కావాలనే వదిలేసే ఎత్తు

చదరంగం నేర్పేవాళ్లందరూ మొదట చెప్పే మాట ఒకటే: ఓపెనింగులో ఒక్క ఎత్తు కూడా దండగ చేయొద్దు. మూడు ఎత్తులు పోగొట్టుకుంటే ఒక బంటు పోయినట్టేనని పాతకాలపు లెక్క. అయినా ఉద్దండులే కొన్నిసార్లు తెలిసి తెలిసి ఒక ఎత్తు వదిలేస్తారు. ఎదుటివాడు బట్టీపట్టి వచ్చిన దారిలోకి పోకుండా, తమకు అలవాటైన చోటికి ఆటను లాక్కోవడానికి.

1858 డిసెంబరులో పారిస్‌లో పాల్ మోర్ఫీతో తలపడిన ఆండర్సెన్ మూడు ఆటల్లో తెల్ల పావులతో మొదటి ఎత్తుగా ఎ3 వేశాడు. చూడ్డానికి ఉత్త పుణ్యానికి వేసిన ఎత్తు. ఆయనకు కావాల్సింది సిసిలియన్, అదీ తెల్ల పావులతో. మ్యాచ్‌లో మోర్ఫీ ఏడు ఆటలు గెలిచి ఆయన్ని చిత్తు చేశాడు గానీ, ఆ మూడు ఆటల్లో మాత్రం చెరి సగం పంచుకున్నారు.

అయితే వదిలేసే ఎత్తు ఉత్తినే పోకూడదు. ఈ విద్య కిటుకంతా అక్కడే ఉంది. అమెరికా మాస్టర్ మెంగరీని పేరుతో ఒక ఓపెనింగు ఉంది: 1.ఈ4 ఈ5 2.ఎ3. నల్ల పావులవాడు గుర్రాన్ని ఎఫ్6కు తెస్తాడు, తెల్లవాడు సి3కి తెస్తాడు. నల్లవాడు డి5 తోసి, బంట్లు మార్చుకుని, గుర్రాన్ని డి5లో నిలబెడతాడు. అప్పుడు తెల్ల క్వీన్ హెచ్5కు దూకి ఈ5 బంటును పట్టుకుంటుంది. ఇది అచ్చంగా స్కాచ్ గేమ్‌లో స్టైనిట్జ్ మెచ్చిన క్వీన్ దాడే, కాకపోతే రంగులు తారుమారు. అక్కడ దానికి పదునైన జవాబు గుర్రాన్ని ముందుకు దూకించడం. ఇక్కడైతే ఆ గుర్రం బి4లో దిగి సి2 మీద గురిపెట్టాలి. దిగనివ్వకుండా ఎ3 బంటు కాపలా కాస్తోంది! దండగనుకున్న ఎత్తే జవాబుకు అడ్డుపడింది. ఇంతా చేసి తెల్లకు ఆధిక్యమేమీ రాదు. ఎదుటివాడి పాఠం మాత్రం రెండో ఎత్తుతోనే ఆగిపోతుంది.

నల్ల పావులతో ఈ పని మరీ తెగింపు. ఎందుకంటే అసలే ఒక ఎత్తు వెనక ఉన్నాడు. అయినా క్వీన్స్ ఇండియన్‌లో ఇది రాజమార్గమే అయింది. తెల్లవాడు బి3 తోశాక నల్ల బిషప్ బి4 నుంచి చెక్ ఇస్తుంది, తెల్ల బిషప్ డి2కి వచ్చి అడ్డుపడుతుంది, నల్ల బిషప్ తాపీగా ఈ7కు తిరిగొస్తుంది. ఒక ఎత్తులో చేరే గడికి రెండు ఎత్తులు పట్టాయి. కానీ బి2లో కూర్చోవలసిన తెల్ల బిషప్‌ను డి2కి ఈడ్చారు. తెల్లవాడికి దక్కిన అదనపు ఎత్తు అతను కోరుకున్నది కాదు.

ఇది చదవకుండా గట్టెక్కే దొడ్డిదారి అనుకుంటే మాత్రం బోర్లాపడతారు. రెండో ఎత్తుగా ఎ3 వేసేవాడు ఈ4కు ఈ5తో జవాబు చెప్పే ఓపెనింగులన్నీ నల్లవైపు నుంచి క్షుణ్ణంగా తెలిసినవాడై ఉండాలి. అందుకే కోచ్‌లకు ఒక మనవి: పిల్లలకు ముందు మెయిన్ లైన్లు నేర్పండి. ఎ3 సంగతి తర్వాత చూడొచ్చు.