పీవీ పెదవి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 దాకా కరీంనగర్ జిల్లావే. ఆ జిల్లాలోని మంథని నుంచి 1957లో తొలిసారి అసెంబ్లీకి వెళ్లి, 1991లో ప్రధాని అయిన పీవీ నరసింహారావు బొమ్మ గీయమంటే ఈ ఊళ్ల బోర్డు ఆర్టిస్టుకు అసలు పరీక్ష పెదవుల దగ్గరే. బట్టతల, కళ్లద్దాలు ఎవరైనా పెట్టేస్తారు. ముందుకొచ్చిన ఆ పెదవి కాస్త పక్కకు జరిగిందా, ఇంకెవరో పెద్దాయన అయి కూర్చుంటాడు.

చిన్న ఫోటో మీద పెన్సిల్‌తో గళ్లు, గోడ మీద సుద్దముక్కతో అవే గళ్లు పెద్దవిగా. ఒక్కో గడి చూసి గీత దించాలి. ఎనామిల్ తొందరగా ఆరదు. ఆ తడి ఉండగానే చెంప మీది వెలుగును నీడలోకి మెత్తగా కలిపెయ్యాలి. మాటిమాటికీ నిచ్చెన దిగి, రోడ్డు అవతల నిలబడి చూసుకోవాలి. దగ్గర నుంచి కనిపించేవి రంగు మరకలే. ఫ్లెక్సీకి ఈ బాధ లేదు (నాలుగు ఎండలు కాస్తే రంగూ ఉండదనుకోండి).

సిరిసిల్లలో బొమ్మ మగ్గం మీదికీ ఎక్కింది. అక్కడి నేతన్న యెల్ది హరిప్రసాద్ చేత్తో నేసిన జీ20 లోగో గురించి 2022 నవంబరు మన్ కీ బాత్‌లో ప్రధాని చెప్పారు. ముఖం నేయడమంటే మరీ గడ్డు పని. గోడ మీద తప్పు తుడిచి దిద్దొచ్చు. నేతలోనైతే పోగు పోగూ విప్పుకుంటూ వెనక్కి రావాల్సిందే.