చారుదత్తుని విచారణము: ఒక విమర్శ

శూద్రకుని మృచ్ఛకటికమునందలి తొమ్మిదవ యంకమును మన పాఠశాలలలోఁ గరుణరసమున కుదాహరణముగాఁ జెప్పి విడుచుచున్నాము. అందలి న్యాయాధికారి యసమర్థుఁడనియు, రాజశ్యాలునకు వెఱచెననియుఁ జెప్పువారును గలరు. నా కది సమ్మతము గాదు. అచ్చటి దోషము ప్రధానముగా ననుమానముది. చూచినవా రెవ్వరును లేని హత్యను సందర్భములచేతనే నిరూపింపఁ బూనినపుడు తర్క మెచ్చటఁ దెగునో కవి నిశితముగాఁ జూపినాఁడు.

సభకు వచ్చిన సాక్ష్యమును జూడుఁడు. వసంతసేన తల్లి, తన కూఁతురు చారుదత్తుని యింటికిఁ బోయెననెను. ఇది సత్యము. వీరకుఁడు, ఆమె నెక్కించుకొని పుష్పకరండకోద్యానమునకుఁ బోవుచున్న చారుదత్తుని బండిని ద్రోవలోఁ గంటిననెను. బండి యతనిదే, లోపల నున్నవాఁడు మాత్ర మార్యకుఁడు. వీరకుఁడు లోనికిఁ దొంగిచూడలేదు, వినినదానినే చెప్పెను. పిమ్మట నతఁడే గుఱ్ఱమెక్కి పోయి, మృగములు తినఁగా మిగిలిన స్త్రీకళేబరమును జూచి వచ్చెను. స్త్రీ యనుట నిజమే. వసంతసేన యనుట కాధారమేది? తుదకు మైత్రేయుని చంకనుండి నగలు జాఱిపడినవి. నగ లామెవే. ఆమెయే రోహసేనుని మట్టిబండిని వానితో నింపిన సంగతి ప్రేక్షకు లెఱుఁగుదురు, సభ యెఱుఁగదు.

హేతువులు చాలవఱకు సత్యములు, సాధ్యము మిథ్య! వసంతసేన బ్రదికియే యున్నది. ధూమము వహ్ని లేనిచోట నుండదు. మిత్రురాలి నగలు హత్య లేని యింటను నుండవచ్చును. వేఱువేఱుగా వ్యభిచరించు నిట్టి హేతువులు కలిసి సాధకములు కావలెనన్న నన్యకల్పనకుఁ జోటుండరాదు. భారత సర్వోన్నత న్యాయస్థానము 1984లో శరద్ బిర్దీచంద్ శార్దా వ్యాజ్యమునఁ జెప్పిన యైదు నియమములలో నిది యొకటి. నిగమనమునకుఁ బునాదియైన ప్రతి సందర్భమును సంపూర్ణముగా స్థాపితము కావలెననునది వానిలో మొదటిది. కళేబరము విషయమున నుజ్జయినీసభ యీ మొదటి మెట్టుననే జాఱినది.

అన్యకల్పన సభలోనే వినఁబడినది గదా! వసంతసేన చంపఁబడినది, నాచేతఁ గాదు అని శకారుఁడు నోరు జాఱెను. ప్రసక్తమైనదానికే ప్రతిషేధమని మన శాస్త్రము. ఎవ్వరు నడుగనిదానిని వీఁడేల నిషేధించెను? లేఖకుఁ డా మాటను వ్రాసెను. శకారుఁడు కాలితోఁ దుడిచివైచెను. దానిని మరల వ్రాయింపకుండుటయే యధికారియందు నే నెంచు లోపము.

వైయాకరణు లాఁగవలసిన స్థలము తరువాతిది. చారుదత్తుఁడు విసిగి యొప్పుకోలుగాఁ బలికిన వాక్యమునఁ దృతీయాంతమగు కర్త గలఁడు, స్త్రీ యను పదమును గలదు. చంపుట యను క్రియ మాత్రము లేదు. శేషము నితఁడు చెప్పునని శకారునకు విడిచెను. ఆకాంక్ష తీఱని పదసముదాయము వాక్యము గాదు. శకారుఁడు వెంటనే వధార్థక్రియను జేర్చి, నీవును జెప్పుమనెను. నీవే చెప్పితివి గదా యని చారుదత్తుఁ డూరకుండెను. వాది చేసిన యధ్యాహారమును సభ ప్రతివాది వాక్కుగా గ్రహించినది. నేరము స్థాపితమైన దీ యొక్క క్రియాపదముచేతనే.

బ్రాహ్మణుఁడు వధ్యుఁడు గాఁడు, దేశమునుండి వెడలింపఁదగును అను మనువచనమును న్యాయాధికారి రాజునకు విన్నవించెను. పాలకుఁడు శూలారోపణమే విధించెను.

తర్కసంగ్రహము చదువు విద్యార్థులకు సవ్యభిచారహేతువును బోధించుచు నొకనాఁ డీ యంకమును జూపితిని. నగలు మట్టిబండిలోఁ బడుటను గన్న దాసి రదనికను సభ కేల పిలిపింపలేదని వారిలో నొకఁ డడిగెను. నే నంతవఱకు నా ప్రశ్న వేసికొనలేదు.