ఆకుకూర పంపే కబురు

షాద్‌నగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ యాంటెన్నాలు దశాబ్దాలుగా ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటున్నాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ల వంటిళ్లలో తోటకూరో, మునగాకో, పొన్నగంటికూరో తాలింపులో మగ్గుతున్నప్పుడు కూడా ఒక సంకేతం తయారవుతుంది. దాన్ని అందుకునే యాంటెన్నా మాత్రం మిద్దె మీద ఉండదు. కణం నడిబొడ్డున, జన్యువులుండే కేంద్రకంలో ఉంటుంది.

ఆకుకూర తింటే రేచీకటి రాదని మన పెద్దలకు తెలుసు. తాలింపు రుచి కోసమే కాదు. ఆకులోని బీటా కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. చుక్క నూనె లేకుండా తింటే ఒంటికి పట్టేది తక్కువ. పేగుల్లో అది విటమిన్ ఎ అవుతుంది. ఒంట్లో నిల్వ చాలినంత ఉంటే ఆ మార్పిడి దానంతటదే తగ్గుతుంది. విటమిన్ ఎ లోపంపై తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి వల్లే, 1970లో పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే కార్యక్రమం మొదలైంది.

అది కంటి సంగతి. చర్మంలో ఇదే విటమిన్ రెటినోయిక్ ఆమ్లంగా మారి జన్యువులతో మాట్లాడుతుంది. దాని మాట వినే గ్రాహకాన్ని 1987లో ఫ్రాన్స్‌లో పియర్ షాంబాన్, అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. పేరు ఆర్‌ఏఆర్. ఇది ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జతకట్టి, డీఎన్‌ఏ మీద తనకు గుర్తున్న చోట కూర్చుంటుంది. ఆమ్లం అందనంతసేపూ అణచివేసే ప్రోటీన్లను పట్టుకుని జన్యువుకు గడియ పెట్టి ఉంచుతుంది. ఆమ్లం వచ్చి అతుక్కోగానే గ్రాహకం రూపు మారుతుంది. అణచేవి జారిపోతాయి, మేల్కొలిపేవి వచ్చి చేరతాయి. ‘పెరిగింది చాలు, ఇక నీ పని చూసుకో’ అన్న కబురు కణానికి అందుతుంది.

ప్రయోగశాలలో ఎలుకల మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలకు ఈ ఆమ్లం ఇస్తే పెరుగుదల మందగించింది. మనుషుల్లో అంత తేలిక కాలేదు. చాలా మెలనోమాల్లో ఆర్‌ఏఆర్ బీటా అనే రకపు గ్రాహకం జన్యువుకు మిథైల్ అనే రసాయన ముద్రలు పడి అది మూగబోతుంది. వినే చెవే మూసుకున్నాక ఎంత గట్టిగా పిలిచినా ఏం లాభం? చెవి పనిచేసే చోట ఫలితం కనిపించింది. చర్మంలో వచ్చే టీ కణ లింఫోమా అనే క్యాన్సర్‌కు, ఆర్‌ఎక్స్‌ఆర్‌ను తట్టిలేపే బెక్సరోటిన్ మందును 1999లో అమెరికా ఆమోదించింది.

అలాగని ‘విటమిన్ మంచిదేగా, మాత్రలు మింగేద్దాం’ అనుకోకూడదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. కంచంలో కూరకూ సీసాలో మాత్రకూ అంత తేడా. అమ్మమ్మల తాలింపు క్యాన్సర్ మందు కాదు. కణానికి రోజూ అందాల్సిన కబురును, అందాల్సినంతే అందించే పద్ధతి. ఒంటి మీది మచ్చ రంగో ఆకారమో మారితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆకుకూర కంచంలోకి రావాలి. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు.