ఫ్లెక్సీ డిజైనర్ లెక్క

ఫొటోషాప్ మొరాయిస్తే కంప్యూటర్ పాతబడిందనుకోవడం మనకు అలవాటు. ఫ్లెక్సీ షాపులో పనితెలిసిన డిజైనర్ మాత్రం ముందు ఫైలు కొలతలు చూస్తాడు. పదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తెరిస్తే పొడవే 36,000 పిక్సెళ్లు. ముద్రణకు వాడే సీఎంవైకే రంగుల్లో ఒక్క లేయరే దాదాపు 2 జీబీ. అదే 72కు దించితే 120 ఎంబీ లోపే. వీధి చివర నుంచి చూసే బొమ్మకు అది చాలు. ఎంత చాలో తెలియడంలోనే ఈ పనితనమంతా ఉంది.

ర్యామ్ కొంటే పోయేదానికి ఇంత లెక్కెందుకని అడగవచ్చు. ర్యామ్ మేలు చేస్తుంది, కాదనను. కానీ ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైలు ఏ వైపూ 30,000 పిక్సెళ్లు దాటకూడదన్న హద్దు ఎంత ర్యామ్ పెట్టినా మారదు. ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే స్క్రాచ్ డిస్కు నిండితే పని ఆగిపోతుంది. దాన్ని ఖాళీగా ఉన్న డ్రైవుకు మార్చడం, అక్కర్లేని లేయర్లు తీసేయడం తెలివితో అయ్యే పనులు. యూనికోడ్ తెలుగులో ఒత్తులు విడిపోయినా అంతే. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోగానే ‘లక్ష్మి’లో మకారం క్షకారం కింద ఒదుగుతుంది. పెళ్లి ఫ్లెక్సీ మీద పేరు కళకళలాడేది అందువల్లే.

ఈసారి ఫ్లెక్సీ చేయించేటప్పుడు డిజైనర్‌కు ఒరిజినల్ ఫొటోనే ఇవ్వండి. వాట్సాప్‌లో అయితే పిక్సెళ్లు తగ్గకుండా డాక్యుమెంట్‌గా పంపండి.