ముక్కున కుదిరిన లంగరు

పడవ ముక్కున లంగరు కుదురుగా కూర్చోవాలంటే ముక్కు ఆకారం, లంగరు ఆకారం, గొలుసు వచ్చే దారి ఒకదానికొకటి సరిపడాలి. ఏది తేడా వచ్చినా పైకొచ్చిన లంగరు రెక్క తిరగబడి ఉంటుంది, లేదా మొన పడవ చెక్కను గీరుతుంది, కాదంటే కాడ ముక్కున ఉన్న రోలరు ఎక్కకుండా మొరాయిస్తుంది. రేవులో ఉన్నంతసేపు ఇది కాస్త చికాకు, అంతే. అలల్లోకి వెళ్లాక వదులుగా వేలాడే ఆ ఇనుము పడవ ముఖం మీద సమ్మెటలా మోదుతూనే ఉంటుంది. అందుకే తీరంలో మంచి సరంగు కొత్త పడవ దగ్గరకొస్తే ఇంజను కన్నా ముందు ముక్కు చూస్తాడు.

తొలి లంగర్లు చిల్లి పొడిచిన రాళ్లేనంటారు. హిమాయత్‌సాగర్ లాంటి జలాశయాల్లో చేపలు పట్టే పుట్టికి ఇవాళ్టికీ తాడు కట్టిన రాయి చాలు. గుండ్రటి పుట్టికి ముక్కే ఉండదు కాబట్టి ఈ బాధ దానికి లేదు. సముద్రం మీదికి వెళ్లే ఓడల సంగతి వేరు. జంట తెరచాపల ఓడ బొమ్మతో శాతవాహనులు నాణేలు ముద్రించిన తీరం మనది. తర్వాతి కాలంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు ఓడల పనికి పేరు మోసింది. 1839 నవంబరు తుపాను ఆ రేవును ఊడ్చిపెట్టినా, పక్కనున్న తాళ్లరేవు వైపు చెక్క పడవలు కట్టే చేతులు మిగిలాయి.

తెరచాప ఓడల కాలంలో లంగరు ఎత్తడం ఓడ మీది పనులన్నిటిలోకీ కష్టమైనది, అందమైనది కూడా. పాత లంగరుకు కాడ పైన అడ్డదూలం ఉంటుంది. అది రెక్కలకు అడ్డంగా నిలిచి, నేల మీద లంగరు పక్కకు ఒరిగి ఒక రెక్క మట్టిలో దిగేలా చేస్తుంది. ఆ దూలం ఉన్నంతవరకు లంగరును ఏ గొట్టంలోకీ లాగడం కుదరదు. అందుకని ఓడ ముక్కుకు రెండు వైపులా నీటి మీదికి చాచిన బలమైన దుంగలు బిగించేవాళ్లు. దుంగ చివర కప్పీలు. లంగరు ఉంగరం నీటి పైకి తేలగానే ఒక కళాసీ ముక్కు కిందికి దిగి, కప్పీ తాడు కొక్కేన్ని ఆ ఉంగరానికి తగిలించాలి. ఓడ ముక్కు లేస్తూ పడుతూ ఉంటుంది. మనిషి నడుము దాకా మునుగుతాడు, లేస్తాడు. అయినా కొక్కెం గురి తప్పకూడదు. తగిలించాక పైనున్నవాళ్లు పాట పాడుతూ లాగి ఉంగరాన్ని దుంగకు కట్టేసేవాళ్లు. అక్కడితో సగం పనే అయినట్టు. రెండో కప్పీతో రెక్కల వైపు ఎత్తి, ఓడ పక్క చెక్క మీద పడుకోబెట్టి, కాడ చుట్టూ మోకు బిగించేదాకా ఎవరూ చేయి వదిలేవాళ్లు కాదు. టన్నుల బరువున్న ఇనుమును చెక్క మీద గీత పడకుండా పడుకోబెట్టిన ఆ కళాసీల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు. ఉండాల్సింది.

19వ శతాబ్దంలో అడ్డదూలం లేని లంగరు వచ్చాక కాడ నేరుగా ఓడ ముక్కులోని గొట్టంలోకి వెళ్లిపోవడం మొదలైంది. కాడను గొట్టం మింగుతుంది, రెక్కలు బయట ఓడ పలకకు ఆనుకుంటాయి. చూడటానికి సులువే. అయితే రెక్కలు ఏ వైపుకు తిరిగి పైకొస్తాయో ఎవరూ చెప్పలేరు. ఓడ వైపుకు తిరిగి వస్తే మొనలు పలకకు గుచ్చుకుంటాయి. గొట్టం పెదవిని సరైన వంపుతో, సరైన మందంతో మలిస్తే రెక్క దానికి తగిలి తనంతట తానే తిరిగి, పలకకు అతుక్కుని కూర్చుంటుంది. ఆ వంపును పట్టుకోవడానికి ఓడ కట్టేవాళ్లకు ఒక పాత పద్ధతి ఉంది: ఓడ ముక్కును చెక్కతో నమూనాగా చేసి, చెక్క లంగరును చిన్న గొలుసుతో పైకి లాగి చూస్తారు. రెక్కలు అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి, పక్కకు లాగి మరోసారి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ ఉలి పెట్టి పెదవిని చెక్కుతారు. పట్టు వదలగానే లంగరు తన బరువుతోనే జారిపోవాలి, తోయాల్సి రాకూడదు. ఈ రెండూ కుదిరాకే ఉక్కు పలక కోస్తారు. మన తీరంలోనే, 1941లో శంకుస్థాపన జరిగిన విశాఖ నౌకానిర్మాణశాల నుంచి 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీట దిగింది. ఇలాంటి పని తెలిసిన ఊరికి దక్కిన గౌరవం అది.

లంగరు పైకి రాగానే సరంగు చూడాల్సింది ఒకటే: గొలుసు గానీ తాడు గానీ చుట్టుకోకుండా శుభ్రంగా వచ్చిందా లేదా. భారత నౌకాదళం చిహ్నంలో ఏళ్ల తరబడి మోకు చుట్టుకున్న లంగరే ఉండేది. వలస పాలన నాటి ఆ గుర్తు స్థానంలో చిక్కు లేని లంగరు ఉన్న కొత్త చిహ్నాన్ని 2022 డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, విశాఖలోనే ఆవిష్కరించారు. లంగరు పని తెలిసినవాళ్లకు ఆ మార్పు మరింత తృప్తినిస్తుంది.

చిన్న పడవల్లో గొట్టం ఉండదు, ముక్కున రోలరు ఉంటుంది. 1933లో కేంబ్రిడ్జి భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ నాగలి ఆకారపు లంగరును కనిపెట్టాక రోలరు పనితనమే కీలకమైంది. రోలరు ముక్కును దాటి తగినంత ముందుకు ఉండాలి, లేకపోతే మొన చెక్కను పొడుస్తుంది. గాడి లోతుగా, పక్క రేకులు ఎత్తుగా ఉంటే కాడ పక్కకు దొర్లదు. లంగరు తిరగబడి వస్తే దాన్ని బలవంతంగా లాగడం తెలివితక్కువ పని. నీటి మట్టానికి కాస్త కింద వేలాడదీసి, పడవను మెల్లగా వెనక్కి నడిపితే నీటి ఒరవడికి అదే తిరుగుతుంది. రెక్కలు సరైన వైపుకు రాగానే ఆఖరి గజం నిదానంగా లాగాలి. కాడ రోలరు మీద వాలి, రెక్కల వీపు రోలరు కిందికి గట్టిగా ఆనిన క్షణంలో టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక గొలుసు ఇక కదలదు. వెంటనే కాడలోంచి అడ్డమేకు వేసి, గొలుసు బరువును దాన్ని లాగే విండ్లాస్ మీద వదలకుండా, పట్టి ఉంచే స్టాపరుకు అప్పగించాలి.

గొలుసు మెలి విప్పడానికని చాలామంది స్వివెల్ అనే తిరిగే లింకు కొని నేరుగా కాడకే బిగిస్తున్నారు. పక్కకు లాగుడు పడితే మొదట విరిగేది అదే. తప్పదనుకుంటే లంగరు తర్వాత కొన్ని లింకులు వదిలి బిగించాలి. అంతకన్నా ఘోరం నకిలీ లంగర్లు. పేరున్న లంగరు బొమ్మ చూసి పోత పోస్తారు. కాడ వంపులో తేడా పెడతారు, మెత్తటి ఇనుముకు అద్దంలా మెరుగు పెడతారు. ఆ మెరుగు చూసి కొన్న లంగరు రోలరు మీద కుదరదు, నేలలో పట్టు పట్టదు, గాలి తిరిగితే కాడ వంగిపోతుంది. ఇలాంటి సరుకు అమ్మడం ప్రాణాలతో వ్యాపారం. దాన్ని ఇంకో మాటతో పిలవలేం.

లంగరును, మోకును లెక్కచేయనితనం ఏం చేస్తుందో 2024 సెప్టెంబరు 1న విజయవాడ చూసింది. కృష్ణ వరదలో కట్లు తెగిన భారీ పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొట్టి కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. వాటిని సరిచేయడానికి గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు రావాల్సి వచ్చింది. ఆ పని తెలిసిన చేతులూ ఉన్నాయి: 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటు రాయల్ వశిష్ఠను పైకి తెచ్చింది కాకినాడ వాసి ధర్మాడి సత్యం బృందం. ఇనుప మోకులు, లంగర్లతో గోదావరి అడుగు వెతికి, ఒరవడితో పెనుగులాడి అక్టోబరు 22న పడవను ఒడ్డుకు చేర్చింది. లంగరు ఎక్కడ పట్టు పడుతుందో, ఎప్పుడు జారుతుందో చేతి స్పర్శతో చెప్పగల మనుషులు ఇంకా ఉన్నారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రవాళ్లు లేకపోవడమే గుండె మండించే సంగతి.

మహాసముద్రం దాటేవాళ్లలో కొందరు లంగరును ముక్కున ఉంచడానికి కూడా ఇష్టపడరు. విప్పి, పడవ నడిమికి దగ్గరగా, అడుగున కట్టేస్తారు. ముక్కు తేలికైతే అల మీదికి సులువుగా లేస్తుంది. 2017–18లో నౌకాదళ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తరిణి మీద ఆరుగురు మహిళలు ప్రపంచం చుట్టూ 21,600 నాటికల్ మైళ్లు తిరిగొచ్చారు. విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఆ ఆరుగురిలో ఇద్దరు. దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టిన తెలుగు ఆడపిల్లలున్న కాలంలో గోదావరి మీది పర్యాటక బోటుకు సరైన లంగరు లేదంటే సిగ్గుచేటు.

పడవలకు ఫిట్‌నెస్ ఇచ్చే అధికారులు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి ఊరుకోకుండా, లంగరును తమ కళ్లముందే దించి, ఎత్తించాలి. ఒకసారి కాదు, రెక్కలు అటూ ఇటూ తిప్పి రెండు మూడుసార్లు. ఏ మలుపులోనూ చెక్కకు తగలకుండా వచ్చి, ఎవరూ చేయి వేయకుండా రోలరు మీద కుదరాలి. పక్కన కాకినాడ సరంగు ఒకర్ని నిలబెట్టి, ఆయన సరేనన్నాకే సంతకం పెట్టాలి.