మోతాదులో ఉన్న పనితనం

కాలేయ మార్పిడి అనగానే అందరి చూపూ ఆపరేషన్ బల్ల మీదికే పోతుంది. గంటల తరబడి సాగే ఆ కోతకూ కుట్లకూ దండం పెట్టాల్సిందే. హెపటైటిస్-సి వల్ల కాలేయం పాడై కొత్తది పెట్టించుకున్నవాళ్ల విషయంలో, అంతకు ఏమాత్రం తీసిపోని పనితనం ఆ తర్వాత రాసే మందుల చీటీలో కనిపిస్తుంది.

వీళ్ల మీదికి సుగర్ మూడు వైపుల నుంచి వస్తుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. 1989లో పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ బృందం వాడకంలోకి తెచ్చిన టాక్రోలిమస్ కొత్త కాలేయాన్ని ఒంటి దాడి నుంచి కాపాడుతుంది కానీ, క్లోమంలో ఇన్సులిన్ తయారీని తగ్గిస్తుంది. హెపటైటిస్-సి వైరస్ కూడా కాలేయ కణాల్లో ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. మందు తగ్గితే కాలేయానికి ముప్పు, ఎక్కువైతే సుగర్ ముప్పు.

అందుకే టాక్రోలిమస్‌ను గుడ్డిగా రాయరు. ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం తీసి, అందులో మిగిలిన మందును నానోగ్రాముల్లో కొలిచి మోతాదు దిద్దుతారు. సుగర్ కొలవడంలోనూ ఒడుపు ఉంది. పొద్దున వేసిన ప్రెడ్నిసొలోన్ ప్రతాపం మధ్యాహ్నం తర్వాత బయటపడుతుంది కాబట్టి, పరగడుపు లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎక్కించిన రక్తం, రక్తహీనత వల్ల మొదటి నెలల్లో సగటు సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా తప్పు చెప్పవచ్చు. ఆసుపత్రిలో సుగర్ పెరిగితే వెంటనే ఇన్సులిన్ ఇస్తారు కానీ, మధుమేహమని ముద్ర మాత్రం వేయరు. మనిషి ఇల్లు చేరి, మందులు ఒక దారిన పడ్డాకే ఆ మాట.

అన్నిటికన్నా ముచ్చటైన పని పాథాలజిస్టుది. వైరస్‌కు సరైన మందులు లేని రోజుల్లో అది కొత్త కాలేయానికీ దాదాపు అందరిలో తిరిగి సోకేది. సూక్ష్మదర్శిని కింద వైరస్ జబ్బూ, కాలేయాన్ని ఒళ్లు తిరస్కరించడమూ చాలావరకు ఒకేలా ఉంటాయి. పిత్తనాళాలు దెబ్బతిన్నాయా, సిరల లోపలి పొర వాచిందా అని వెతికి ఆయన తేల్చాలి. తిరస్కరణ అని పొరబడి స్టెరాయిడ్ దట్టిస్తే వైరస్సూ సుగరూ రెండూ ఎగబాకేవి.

2013 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్ అనే వైరస్ మందు, దానికి జోడీగా వచ్చిన మాత్రలు ఈ చిక్కును చాలావరకు విప్పాయి. హైదరాబాద్‌లోని నాట్కో, హెటిరో కంపెనీలు దాన్ని చవగ్గా తయారుచేశాయి. ఎక్కువమందికి 12 వారాల్లో వైరస్ పోతుంది. అక్కడా ఆదమరవకూడదు. కాలేయం కోలుకుని టాక్రోలిమస్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది కాబట్టి, రక్తంలో దాని మట్టం పడిపోవచ్చు. మళ్లీ కొలవాలి, మళ్లీ దిద్దాలి.

చాలామందికి ప్రెడ్నిసొలోన్‌ను కొన్ని నెలల్లోనే మెల్లగా తగ్గించి ఆపేస్తారు. ఈ చీటీలో రాసిన మందులతో పాటు, ఏది ఎప్పుడు కొట్టేశారో కూడా చదవాలి. డాక్టరు నేర్పు అక్కడే తెలుస్తుంది.