బొమ్మకు ధర కట్టేదెవరు?

2025 మార్చి 19న న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థవారి వేలంలో ఎం. ఎఫ్. హుసేన్ వేసిన 'గ్రామ యాత్ర' సుమారు 118 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. అంతవరకూ ఆధునిక భారతీయ చిత్రమేదీ వేలంలో అంత ధర పలకలేదు. 1954లో వేసిన ఈ చిత్రంలో పల్లె బ్రతుకును చూపే పదమూడు దృశ్యాలున్నాయి. వార్తను పత్రికలు భారతీయ కళ సాధించిన విజయంగా ప్రకటించాయి. ఆ విజయం ఎవరిదో విచారించడం విమర్శకుని పని.

ఆ చిత్రం చరిత్రలోనే సగం సమాధానం వుంది. వేసిన సంవత్సరమే ఒక విదేశీ వైద్యుడు దానిని కొన్నాడు. అది నార్వే చేరి, ఓస్లోలో ఒక ఆసుపత్రి గోడమీద దశాబ్దాలపాటు వుండిపోయింది. వేలంలో వచ్చిన సొమ్ము వైద్యుల శిక్షణకు వినియోగిస్తామన్నారు, అందుకు సంతోషించవలసిందే. కాని పల్లెను చూపించే బొమ్మను చూసే అవకాశం పల్లెవాళ్ళకు మాత్రం లేకపోయింది. ఇందుకు హుసేన్‌ను తప్పుపట్టడం అవివేకం. బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్న మనిషి ఆయన. 1947లో సూజా, రజా, ఆరా మొదలైనవారు ఏర్పరచిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో ఆయనా వున్నాడు. ఐతే పేరులో అభ్యుదయం వున్నంత మాత్రాన బొమ్మ ప్రజల మధ్యకు పోదు. దానిని ఎవరు కొంటారో, ఎక్కడ వేలాడదీస్తారో తేల్చేది మార్కెట్టు. 2006 తరవాత హుసేన్ స్వదేశంలో వుండలేక పరాయిదేశాల్లో గడిపి, 2011లో లండనులో కన్నుమూశాడు. బొమ్మకు కోట్లు పోయగల సమాజం బొమ్మ వేసినవాడికి రక్షణ ఇవ్వలేకపోయింది.

మన తెలుగు చిత్రకళలోనూ ఈ చిక్కు లేకపోలేదు. తోట వైకుంఠంగారు కరీంనగర్ పల్లెలో పుట్టి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్న గొప్ప చిత్రకారుడు. ముదురు రంగు చీరలు, పెద్ద బొట్లు పెట్టుకున్న ఆయన స్త్రీలు ఈనాడు నగరాల్లోని సంపన్నుల హాళ్ళలో వెలుగుతున్నారు. ఆ రేఖలోని బలాన్ని ఎవరూ కాదనలేరు. కాని ఆ స్త్రీలు పొలంనుంచి వచ్చారో, పేరంటంనుంచి వచ్చారో బొమ్మ చెప్పదు. అలంకారం మిగిలి శ్రమ జారిపోయిందని నా అభిప్రాయం. ఇదే చిత్రకారుడు 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'కి కళాదర్శకత్వం వహించి జాతీయ బహుమతి పొందాడు. దొర గడీలో నలిగిపోయిన స్త్రీ బ్రతుకు ఆయనకు తెలియనిది కాదు. తెలిసినదంతా బొమ్మలోకి రాకపోవడానికి చిత్రకారుని మనసొక్కటే కారణం కాదు, కొనేవాడి అభిరుచి కూడా కారణమే.

ఈ ప్రశ్నను కోట్ల లోకంలోనే వదిలెయ్యకుండా మన వీధుల్లోకి తెచ్చి చూద్దాం. బంగారం, బట్టల వ్యాపారంవల్ల ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. హుసేన్ బొంబాయిలో చేసిన పనే ఈ రెండో బొంబాయిలోనూ, జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ చేసి బ్రతికినవాళ్ళున్నారు. చిన్న ఫోటోమీద గళ్ళు గీసుకుని, అవే గళ్ళు పెద్దవి చేసి గుడ్డమీద గీసి, నటుడి ముఖాన్ని మేడంత ఎత్తున నిలబెట్టేవారు. అంగడి బోర్డు, లారీ వెనుక అక్షరం, ఎన్నికల గోడరాత, విద్యార్థి సంఘం నినాదం, అన్నీ వారి కుంచెనుంచే వచ్చేవి. మన నినాదాలకు రూపమిచ్చిన ఆ చేతిని మన విమర్శ ఏనాడూ కళాకారుని చెయ్యిగా లెక్కించలేదు.

తరవాత ఫ్లెక్సీ వచ్చింది. నాలుగు రోజుల పని మిషను గంటలో ముగించింది. మిషనును తిట్టుకుని లాభం లేదు. చేతిపని అంతా పవిత్రమనడం గాంధేయ భ్రమ. ఎండలో నిచ్చెనమీద నిలబడి చేసే కూలిపనిలో పవిత్రత ఏమీ లేదు. విచారించవలసినది వేరు: మిషను ఎవరి చేతిలోకి పోయింది, ఎవరి ముఖాన్ని అచ్చువేస్తున్నది? నాయకుని పుట్టినరోజుకు, పండుగకు, పరామర్శకు, కూడలి కూడలిలో అవే నమస్కారాలు, కింద అనుచరుల తలకాయలు వరసగా. భూస్వామ్య దర్బారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో వున్నట్లే, ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎంత సైజులో వుండాలో వున్నది. సాంకేతికం కొత్తది, సంబంధం పాతది. 2022 ఆగస్టులో విశాఖలో నాటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు ప్లాస్టిక్ కాలుష్యం గురించీ, ప్రింటింగు యజమానుల నష్టం గురించీ చర్చ జరిగింది. అంతకుముందే కుంచె పోగొట్టుకున్నవారి మాట ఆ చర్చలో నాకు వినిపించలేదు.

మరొక విషయం ఆలోచించాలి. పెన్నా తీరపు కరువు మన సాహిత్యంలోకి వచ్చింది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' రాశాడు. ఈ జిల్లా రైతు బ్రతుకును కథల్లో నిలిపిన కేతు విశ్వనాథరెడ్డికి 1996లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కథకు దొరికినంతగా ఈ నేల బొమ్మకు ఎందుకు దొరకలేదు? ప్రతిభ లేక కాదు. కథకు కాగితమూ, ఒక పత్రికా చాలును. పత్రిక కొన్న ప్రతివాడూ దానికి యజమానే. తైలవర్ణ చిత్రం ఒక్కటే వుంటుంది, దాని యజమానీ ఒక్కడే. కరువును తన హాల్లో వేలాడదీసుకునే యజమాని అరుదు.

దీనికి దారి లేదనుకోనక్కరలేదు. 1943 బెంగాల్ క్షామంలో చిత్తప్రసాద్ మిడ్నపూరు పల్లెల్లో తిరిగి, ఆకలితో చస్తున్నవారిని నల్లసిరాతో గీశాడు. ఆ బొమ్మలతో వచ్చిన 'హంగ్రీ బెంగాల్' పుస్తకం ప్రతులు ఐదువేలను బ్రిటిషు ప్రభుత్వం పట్టి నాశనం చేసింది. ప్రభుత్వం భయపడింది బొమ్మ అందానికి కాదు, ఐదువేల చేతుల్లోకి పోతుందని. తరవాత ఆయన చేపట్టిన లినోకట్ కూడా అటువంటిదే: ఒక్కసారి చెక్కితే ఎన్ని ప్రతులైనా తీయవచ్చు.

జమ్మలమడుగు, పులివెందులల నడుమ, ముద్దనూరు దగ్గర చింతకుంట గుట్టల్లో ఆదిమానవులు ఎరుపు, తెలుపు రంగులతో వేసిన బొమ్మలున్నాయి. మూపురపు ఎద్దులు, జింకలు, మనుషులు. మా జిల్లా గొప్పదని చాటుకోవడానికి దీన్ని ఎత్తడం లేదు. తమ చుట్టూ వున్న బ్రతుకును, తమవాళ్ళందరూ చూసేచోట గీశారు వాళ్ళు. నేను గుర్తుచేయదలచింది అంతే. ఈనాటి బ్రతుకు మన చుట్టూ లేదా? 2020లో గండికోట జలాశయం నీటిలో మునిగిన తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళున్నాయి. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల, బావినీళ్ళు చెడిపోయాయని మొరపెట్టుకుంటున్న రైతులున్నారు. వీళ్ళ ముఖాలు ఏ ఫ్లెక్సీమీదా కనపడవు.

కడపలో 2020లో లలితకళల విశ్వవిద్యాలయం వెలిసింది. అక్కడి విద్యార్థికి నూనెరంగులతోపాటు లినోకట్ చెక్కడం, గోడమీద గీయడం నేర్పమని అడగవలసినది మనమే. బోర్డులు రాసి బ్రతికిన పెయింటర్లను పాఠశాలలకు పిలిచి పిల్లలకు అక్షరం దిద్దించవలసినది, వారి పనికి తగిన కూలి ఇప్పించవలసినది ఉపాధ్యాయులు. మన సభలకు ఫ్లెక్సీ మాని బట్టమీద రాయించుకోవడం మొదటి మెట్టు కావచ్చును, అది చిన్నదే ఐనా.

వేలంపాటలో సుత్తి దెబ్బకు తేలేది బొమ్మ ధర. బొమ్మ విలువ తేలాలంటే, అందులో వున్నవాళ్ళు దాని ముందు నిలబడి, ఇది మా బ్రతుకేనని ఒప్పుకోవాలి, కాదనిపిస్తే కాదనగలగాలి. ఆ హక్కు వారికి దక్కేదాకా, ఎన్ని కోట్లు పలికినా, దానిని భారతీయ కళ సాధించిన విజయమనడానికి నేను ఒప్పుకోను.